చిన్నపిల్లలకు దెయ్యాల బొమ్మల పుస్తకాలు పాటలా చదివి వినిపించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ పుస్తకాల సంగతి ఇది?

బొమ్మ పెద్దగా, మాట తక్కువగా, ఆ కాస్త మాటా అంత్యప్రాసతో పాటలా సాగే పుస్తకాల సంగతి. లోపల ఓ దెయ్యమో, గుడ్లగూబో, మంచం కింద బూచాడో ఉంటాడు. చివరి పేజీకి వచ్చేసరికి ఆ బూచాడికే జలుబు చేసి ఎవరో మిరియాల పాలు ఇస్తుంటారు. మామూలుగా ఇవి 32 పేజీలు ఉంటాయి. పెద్ద కాగితం మీద అచ్చువేసి మడత పెడితే పేజీలు 8 చొప్పున, 16 చొప్పున వస్తాయి కాబట్టి ఆ లెక్క. పేర్ల పేజీ, వివరాల పేజీ పోను కథకు మిగిలేది 12 నుంచి 14 జత పేజీలు, అంటే తెరవగానే ఎడమా కుడీ కలిసి కనబడే రెండేసి పేజీలు. ఎంత నిదానంగా చదివినా పది నిమిషాల్లో అయిపోతుంది.

భయం లేని పుస్తకాలు బోలెడు ఉండగా ఇవే ఎందుకు?

పుస్తకం తెచ్చినా తేకపోయినా పిల్లలకు భయం ఉంటుంది. లైటు లేని బాత్రూమ్, మిక్సీ చప్పుడు, తలుపు వెనక తగిలించిన రెయిన్‌కోటు, ఏదైనా చాలు. ఆ భయానికి మొదలూ తుదీ ఉండవు. పుస్తకంలో భయం అట్ట దగ్గర మొదలై అట్ట దగ్గరే ఆగిపోతుంది, మూసేస్తే కనబడదు.

ప్రాస చేసే పని ఇంకొకటి ఉంది. ‘రెండు’ అని విన్న చెవి దాని జతమాట కోసం ఎదురుచూస్తుంది. అది రాగానే లోపల ఏదో సర్దుకుంటుంది. బొమ్మ గుండె దడదడలాడిస్తున్నా, పాట మాత్రం అనుకున్న చోటికి అనుకున్నట్టే వచ్చి చేరుతుంది. మామూలు వచనంలో చెప్పే దెయ్యం కథకు ఈ ఆసరా లేదు.

ఇదంతా జరగాలంటే ఒక షరతు ఉంది. పేజీ తిప్పడం, ఆపడం, మూసేయడం పిల్లల చేతిలో ఉండాలి. ఈ పేజీలో ఇచ్చిన సలహాలన్నీ తిరిగి తిరిగి ఆ షరతు దగ్గరికే వస్తాయి.

ఏ వయసులో మొదలుపెట్టొచ్చు?

రెండేళ్ళ లోపు పిల్లలకు దెయ్యం అంటే ఏమిటో తెలియదు. వాళ్ళను జడిపించేది హఠాత్తుగా వచ్చే పెద్ద శబ్దం, మారిపోయిన మీ ముఖం. వాళ్ళకు చీకటి, చందమామ, గుడ్లగూబ ఉన్న అట్టపుస్తకాలు చాలు.

రెండు మూడేళ్ళ మధ్య ‘తలుపు వెనక ఎవరు?’ తరహావి బాగా నడుస్తాయి. తెరిచిన ప్రతిసారీ తెలిసిన జంతువే ఉండాలి.

మూడు నుంచి అయిదేళ్ళు కీలకం. ఊహ జోరు మీద ఉంటుంది, ఏది ఊహో ఏది నిజమో తేల్చుకునే శక్తి ఇంకా తయారవుతూ ఉంటుంది. దెయ్యాల పుస్తకాలను అమితంగా ఇష్టపడేదీ, వాటికి బెంబేలెత్తేదీ ఈ వయసువాళ్ళే. పగలు పదిసార్లు చదివించుకున్న పుస్తకాన్ని రాత్రి గదిలోంచి బయట పెట్టేయమంటారు. ఈ రెండూ సహజమే. ఆరేడేళ్ళు వచ్చాక నవ్వు ఎక్కువ కావాలి. దెయ్యం భయపెట్టాలని చూసి తానే బోల్తాపడితే వాళ్ళకు పండగ.

పుస్తకం ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

చివరి పేజీ ముందు చూడండి. అక్కడ అందరూ ఇంట్లో, వెలుతురులో ఉన్నారా? ఆఖరి బొమ్మలో ‘అది ఇంకా అక్కడే ఉంది’ అన్నట్టు కిటికీలోంచి రెండు కళ్ళు పెట్టి పెద్దవాళ్ళను నవ్వించే పుస్తకాలు కొన్ని ఉంటాయి. నాలుగేళ్ళ పిల్లకు అది నవ్వు కాదు, నిద్ర పాడు. అలాంటివి ఆరేళ్ళ దాకా ఆపండి.

తర్వాత కథ ఎక్కడ జరుగుతోందో చూడండి. అడవి, పాడుబడ్డ కోట, చందమామ మీద ఊరు ఇవన్నీ దూరం. మంచం కింద, బీరువాలో, బాత్రూమ్ తొట్టిలో అంటే దగ్గర. భయంకరమైన బొమ్మ ఉన్న అడవి కథ కన్నా ముద్దుగా గీసిన మంచం కింది కథే ఎక్కువ జడిపిస్తుంది, ఎందుకంటే ఆ మంచం మీ ఇంట్లో ఉంది.

బొమ్మల్లో పళ్ళకన్నా కళ్ళు ముఖ్యం. నేరుగా మనవైపు చూసే కళ్ళు, నల్లగుడ్డు లేని తెల్లకళ్ళు చిన్నవాళ్ళను కలవరపెడతాయి. పక్కచూపులు చూసే దెయ్యం వెంటనే కోతిలా కనిపిస్తుంది. ఇక కథలో ఎవరు ఎవరికి భయపడుతున్నారన్నది ఒకసారి చూసుకోండి. దెయ్యం కూడా దేనికో ఒకదానికి భయపడితే ఆ పుస్తకాన్ని నిశ్చింతగా ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఒకసారి పైకి చదివి కూడా చూడండి. నాలుక రెండు చోట్ల తడబడితే అది మీ తప్పు కావచ్చు. ఆరు చోట్ల తడబడితే ఆ పాట సరిగ్గా కట్టలేదన్నమాట.

సందెవేళ దెయ్యాల మాట వద్దని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయాలి?

ఆవిడ మాట వినండి. నమ్మకం మాట అలా ఉంచితే, సమయం విషయంలో ఆవిడ చెప్పింది సరైనదే. ఈ పుస్తకాలకు మంచి వేళ మధ్యాహ్నం నిద్ర లేచాక, అంటే నాలుగూ అయిదూ మధ్య. చదివాక ఆడుకోవడానికి, ‘దెయ్యం’ ఆట ఆడడానికి ఇంకా వెలుతురు ఉంటుంది. రాత్రే చదవాలంటే దీన్ని మొదటి పుస్తకం చేయండి. తర్వాత ఆవులు, అరటిపళ్ళు ఉండే మామూలు పుస్తకం ఒకటి చదివి లైటు తీయండి. పడుకునే ముందు వినే ఆఖరి మాట దెయ్యానిది కాకుండా ఉంటే చాలు.

టార్చిలైటు పెట్టుకుని దుప్పటి కింద చదివే ముచ్చట అయిదేళ్ళు దాటాకే. టార్చి పిల్ల చేతిలోనే ఉండాలి.

గొంతు ఎలా పెట్టాలి? నేను చదివితే బడిలో పాఠంలా ఉంటోంది.

వేగం తగ్గించండి, సగం సమస్య తీరుతుంది. పెద్దవాళ్ళు పాటలు గబగబా చదివేస్తారు, ఎందుకంటే ప్రాస వాళ్ళను ముందుకు తోస్తుంది. బొమ్మ చూసే టైము పిల్లకు దొరకదు. జత పేజీలు తెరవగానే నోరు తెరవకండి, ముందు బొమ్మ చూడనివ్వండి, తర్వాత చదవండి.

భయం వచ్చే చోట గొంతు పెంచకండి, తగ్గించండి. గుసగుసకు పిల్లలు దగ్గరికి జరుగుతారు, అరుపుకు దూరంగా జరుగుతారు. పేజీ తిప్పబోయే ముందు రెండు క్షణాలు ఆగండి. ఆ లోపు కుడిపేజీ పైమూల వేలితో విడదీసి పట్టుకుని ఉంచుకోండి. కొత్త పుస్తకంలో పేజీలు అంటుకుని ఉంటాయి, సరిగ్గా గుట్టు బయటపడే చోటే రెండు కలిసి తిరిగిపోతాయి. ఇక ఆటంతా చెడుతుంది.

‘భౌ!’ అని అరవడం ఒద్దు. ఒక్కసారి అరిస్తే ఆ తర్వాత ప్రతి పేజీ దగ్గరా పిల్ల కథ వినడం మాని మీ నోటివైపు చూస్తూ కూర్చుంటుంది. అరుపు కావాలంటే ఆ పని పిల్లకే అప్పగించండి. దెయ్యం మాటలన్నీ ఆమెవి, మిగతావి మీవి.

మూడోసారి చదివేటప్పటికి ప్రాసమాట దగ్గర ఆగి చూడండి. ఆ మాట పిల్ల అందిస్తుంది. భయపడే పేజీలో ఆ మాట తానే చెప్పాల్సి వస్తే భయం మీద ధ్యాస ఉండదు.

ఇంగ్లిష్ పుస్తకాలు చదివితే లయ కుదరడం లేదు. మా ఉచ్చారణ లోపమా?

లోపం కాదు, రెండు భాషల నడక వేరు. తెలుగు నోరు అక్షరాల నిడివిని పట్టుకుని నడుస్తుంది. ఇంగ్లిష్ పాట ఊనిక మీద, అంటే మాటలో ఒక చోట నొక్కి పలకడం మీద నడుస్తుంది. పాదానికి నాలుగు దెబ్బలు పడితే, వాటి మధ్య వచ్చే చిన్నమాటలు ఎన్నున్నా నలిగిపోయి ఇమిడిపోతాయి. మనం ఆ చిన్నమాటల్ని కూడా పూర్తిగా పలుకుతాం, పాదం సాగిపోతుంది.

మందు సులువు. మోకాలి మీద అరచేత్తో నాలుగు దెబ్బలు సమానంగా వేస్తూ, పాదాన్ని ఆ నాలుగింటిలో పట్టించండి. మొదట మాటలు లేకుండా ‘డడం డడం’ అని, తర్వాత మాటలతో. రెండు మూడు పేజీలు అయ్యేసరికి నోటికి పడుతుంది. సొంత పుస్తకమైతే ఊనిక పడే చోట పెన్సిలుతో చిన్న గీత పెట్టుకోండి.

కొన్ని ప్రాసలు అసలు కుదరవు. బ్రిటన్‌లో రాసిన పుస్తకంలో ‘సా’కూ ‘డోర్’కూ ప్రాస వేస్తారు, అక్కడ చివరి ర పలకరు కాబట్టి. మనం ర పలుకుతాం. అలాంటి చోట సాగిపోండి, పిల్ల పట్టించుకోదు.

ఇంగ్లిష్ పాటను అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి చెప్పొచ్చా?

పాదం పాదం మార్చకండి. అటు పాటా ఉండదు, ఇటు కథా ఉండదు. రెండు దారులున్నాయి. ఇంగ్లిష్ పాట ఇంగ్లిష్‌లోనే చదివి, బొమ్మ గురించి కబుర్లు తెలుగులో చెప్పుకోవడం ఒకటి: ‘చూశావా, వాడి తోక ఎక్కడుందో?’ లేదంటే అచ్చులో ఉన్నది పూర్తిగా వదిలేసి, బొమ్మలు చూస్తూ తెలుగులో మీ మాటల్లో కథ చెప్పి, పేజీ పేజీకి తిరిగి వచ్చే పల్లవి ఒక్కటి మాత్రం మీరు కట్టుకోవడం. విదేశాల్లో ఉన్న ఇళ్ళలో రెండో దారి ఎక్కువ పనికొస్తుంది. తెలుగు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లకు ఆ పల్లవి ముందు నోటికి వస్తుంది.

తెలుగులో ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయి?

ఉన్నమాట చెప్పాలంటే తక్కువ. తెలుగు బొమ్మల పుస్తకాలు చెన్నైలోని తూలిక, హైదరాబాద్‌లోని మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్ వేశాయి. తూలిక ఇంగ్లిష్, తెలుగు పక్కపక్కన ఉండే పుస్తకాలు కూడా వేసింది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, దింపుకుని అచ్చు తీసుకోవచ్చు. చదివే కష్టాన్నిబట్టి వాటిని 1 నుంచి 4 స్థాయిలుగా పెట్టారు. చదివి వినిపించడానికి 1, 2 స్థాయిలు సరిపోతాయి. చీకటి, రాత్రి, భయం అనే మాటలతో వెతకండి, ‘దెయ్యం’ ఒక్కదానితో ఆగకండి. పాటగా ఉన్నవి కావాలంటే తెరిచి చూసుకోవాల్సిందే.

పాట మేమే కట్టుకోవచ్చా?

కట్టుకోండి, తెలుగులో ఇది అనుకున్నంత కష్టం కాదు. నాలుగు మాత్రల నడక తీసుకోండి. హ్రస్వం ఒకటి, దీర్ఘం రెండు. సున్నా ఉన్న అక్షరమూ, ఒత్తు ఉన్న అక్షరానికి ముందు అక్షరమూ రెండు. ‘చీకటి’ నాలుగు, ‘లోపల’ నాలుగు, ‘చప్పుడు’ నాలుగు. అలాంటివి నాలుగు పేరిస్తే ఒక పాదం.

చింతల తోపున చీకటి చీకటి
చీకటి లోపల చప్పుడు ఒక్కటి

కొమ్మల నడుమన కన్నులు రెండు
ఎవ్వరి కళ్ళవి? కదలక ఉండు!

ఇక్కడ పేజీ తిప్పాలి.

చెట్టెక్కిందీ దిగడం రాదు
పిల్లికి కూడా ధైర్యం లేదు

‘రెండు’, ‘ఉండు’ దగ్గర మూడు మాత్రలే ఉన్నాయి. మిగిలిన ఒక్క మాత్ర ఊపిరి పీల్చుకోవడానికి. ‘కదలక ఉండు’ దగ్గర పిల్లలు నిజంగానే కదలకుండా బిగుసుకుపోతారు, అందుకే గుట్టు విప్పే పాదం ఆ వెంటనే ఉండాలి. మధ్యలో ఇంకో రెండు పాదాలు దూర్చితే బిగి సడలుతుంది.

అందరూ పడే గోతి ఒకటుంది. ‘వచ్చింది, నిలిచింది, తెరిచింది’ అని క్రియలన్నీ ఒకేలా ముగించి ప్రాస అనుకోవడం. తెలుగులో అది పుణ్యానికి వచ్చే ప్రాస, ముందే ఊహించడానికి పిల్లకు ఏమీ మిగలదు. మూడు జతలు దాటితే జోల పాటలా నిద్ర పుచ్చుతుంది. నామవాచకాన్ని క్రియతో జత కట్టండి, పైన ‘రెండు’ను ‘ఉండు’తో కట్టినట్టు.

దాన్ని పుస్తకంగా ఎలా కుట్టాలి?

నాలుగు ఎ4 కాగితాలు కలిపి అడ్డంగా సగానికి మడిస్తే 16 పేజీలు వస్తాయి. మొదటిదీ చివరిదీ అట్టలు, లోపల 7 జత పేజీలు. ప్రశ్న ఎప్పుడూ కుడిపేజీలో, జవాబు తిప్పాక ఎడమపేజీలో. ఇది తప్పితే పిల్ల కళ్ళు పాటకన్నా ముందే జవాబు చూసేస్తాయి.

స్టేపుల్ పిన్నులు వద్దు, చిన్నవేళ్ళకు గుచ్చుకుంటాయి. మడత 21 సెంటీమీటర్లు ఉంటుంది. పైనుంచి 5, 10.5, 16 సెంటీమీటర్ల దగ్గర సూదితో మూడు రంధ్రాలు చేయండి. 60 సెంటీమీటర్ల లావుదారం తీసుకుని, లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి, పై రంధ్రంలో లోపలికి, మధ్యది వదిలేసి కింది రంధ్రంలో బయటికి, మళ్ళీ మధ్య రంధ్రంలో లోపలికి లాగండి. దారం రెండు కొసలూ మధ్యలో సాగిన పొడుగు కుట్టుకు అటొకటి ఇటొకటి ఉండేలా ముడివేయండి. అప్పుడు కుట్టు జారదు.

చీకటి బొమ్మలకు తెల్లకాగితం మీద నల్లరంగు పూయకండి, కాగితం ముడతలు పడుతుంది, పక్కపేజీకి అంటుతుంది. నల్ల చార్టు పేపరు ముక్కలు కత్తిరించి అతికించి, వాటి మీద తెల్ల, పసుపు క్రేయాన్లతో కళ్ళు గీయించండి. దెయ్యం కళ్ళు తానే గీసిన పిల్ల ఆ దెయ్యానికి భయపడడం అరుదు.

మధ్యలో ఏడుపు మొదలుపెడితే?

వెంటనే ఆపండి. ‘ఇంకొక్క పేజీ, చివర్లో బాగుంటుంది’ అని బతిమాలకండి. పుస్తకం మూయమని పిల్లకే చెప్పండి. దగ్గరికి తీసుకుని వేరే పని చేయండి. మళ్ళీ తనంతట తాను తెచ్చి ఇస్తే, ఈసారి చివరి పేజీ నుంచి మొదలుపెట్టండి: పిల్లి కిందికి దిగిపోయింది, పాలు తాగుతోంది, ఇప్పుడు అసలేం జరిగిందో చూద్దామా? కథ ముగింపు ముందే తెలియడం పెద్దవాళ్ళకు నష్టం, నాలుగేళ్ళవాళ్ళకు లాభం.

ఒక్క పేజీ దగ్గరే జడుపైతే, ఆ పేజీకి బట్టల క్లిప్పు పెట్టి మూసి మిగతాది చదవండి. క్లిప్పు తీసేదీ పెట్టేదీ పిల్లే. ఏదో ఒక రోజు తానే తీసి తొంగిచూస్తుంది, తీయకపోయినా ఫరవాలేదు.

ఏడవని పిల్లల్ని కూడా గమనించాలి. ఉన్నట్టుండి నోరు మెదపకపోవడం, చొక్కా అంచు నోట్లో పెట్టుకోవడం, బొమ్మ వదిలి ఫ్యాన్ వైపు చూడడం ఇవన్నీ చాలు అని చెప్పడమే.

రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నాడు. పుస్తకం వల్లేనా?

ముందు ఎప్పుడు లేస్తున్నాడో చూడండి. తెల్లవారుజామున లేచి, కల చెప్పి, మిమ్మల్ని పట్టుకుంటే అది పీడకల. ఆ పుస్తకం కొన్నాళ్ళు పక్కన పెట్టి, పగలు ఆ కల బొమ్మ గీయించి దానికో మంచి ముగింపు కట్టించండి. పడుకున్న ఒకటి రెండు గంటల్లోనే కళ్ళు తెరిచి కేకలు పెడుతూ, మిమ్మల్ని గుర్తుపట్టకుండా, పొద్దున్నకి ఏమీ గుర్తులేకుండా ఉంటే అది వేరు, డాక్టర్లు నైట్ టెర్రర్ అంటారు. నిద్ర చాలకపోవడం, జ్వరం వంటివి దాన్ని రేపుతాయి. అప్పుడు కుదిపి లేపకండి, దెబ్బ తగలకుండా పక్కన ఉండండి. ఏదైనా సరే వారాల తరబడి సాగితే, పగలు కూడా గదిలోకి వెళ్ళనంటుంటే పిల్లల డాక్టరుకు చూపించండి.

‘దెయ్యాలు నిజంగా ఉన్నాయా?’ అని అడిగితే?

మూడేళ్ళ పిల్లకు: ‘ఇది బొమ్మ. ఒకాయన రంగులతో గీశాడు.’ గీసినవాళ్ళ పేరు అట్ట మీద వేలుపెట్టి చూపించండి. అయిదేళ్ళు దాటితే ముందు ‘నువ్వేమనుకుంటున్నావ్?’ అని అడిగి, తర్వాత మీ జవాబు ఒక్క వాక్యంలో చెప్పండి. ఇంట్లో అందరూ ఒకే జవాబు చెప్పడం మంచిది. నాన్న లేవని, తాతయ్య తాటిచెట్టు మీద చూశానని చెబితే పిల్ల నమ్మేది తాతయ్యనే, ఆ కథ అంత బాగుంటుంది మరి.

అన్నం తినకపోతే ఆ పుస్తకంలో బూచాడు వస్తాడని చెప్పొచ్చా?

వద్దు. ఒక్కసారి అంటే బూచాడు పుస్తకంలోంచి బయటికి వచ్చేసినట్టే. మూసేస్తే కనబడడు అన్న భరోసా పోయింది. ఆ తర్వాత ఆ పుస్తకం ఎవరూ ముట్టుకోరు, అన్నం కూడా తినరు. ఇంటికి వచ్చే చుట్టాలకు కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

అదే పుస్తకం రోజూ కావాలంటోంది. విసుగొస్తోంది.

చదవండి. ఏం జరగబోతోందో తెలిసి భయపడడంలో ఉన్న మజా ఇప్పుడే దొరికింది ఆమెకు. మీ విసుగు పోవాలంటే పాత్రలు మార్చుకోండి, లేదా కావాలని ఒక ప్రాసమాట తప్పు చదవండి, పట్టుకుని మీదపడుతుంది.

ఎనిమిదేళ్ళ అన్న, మూడేళ్ళ చెల్లి ఇద్దరికీ కలిపి చదవొచ్చా?

చిన్నదానికి తగిన పుస్తకమే తీసుకుని, చదివే పని అన్నకు ఇవ్వండి. గొంతు తగ్గించడం, ఆగడం నేర్పండి. పేజీ తిప్పేది మాత్రం చెల్లి. వాడికి బేతాళ కథల్లాంటివి విడిగా, చెల్లి పడుకున్నాక చదవండి. శవం, శ్మశానం, చిక్కుప్రశ్న మూడేళ్ళ పిల్లకు ఎలాగూ అందవు.

అమెరికాలో ఉన్న మనవరాలికి వీడియో కాల్‌లో చదవాలనుంది.

పుస్తకం మీ ముఖానికి పక్కన పెట్టండి, అడ్డంగా కాదు. ముఖం కనబడకపోతే భయం ఎక్కువవుతుంది. మీ తెరమీద అక్షరాలు తిరగేసి కనబడినా అవతల సరిగ్గానే కనిపిస్తాయి. కాల్‌లో మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది, కాబట్టి ఇద్దరూ కలిసి పల్లవి పాడడం కుదరదు. మీరు ఒక పాదం, పాప ఒక పాదం అనుకోండి. అక్కడ అక్టోబరు 31న హాలోవీన్ అనే దెయ్యాల వేషాల పండగ, ఆ నెలంతా లైబ్రరీల్లో ఈ పుస్తకాలకు గిరాకీ. సెప్టెంబరులోనే పేరు రాయించమని కోడలికి చెప్పండి. పేజీ తిప్పమని చెప్పే హక్కు ఫోనులో కూడా పాపదే: ‘తిప్పు తాతయ్యా’ అన్నాకే తిప్పండి.

అంగన్‌వాడీలో, నర్సరీ క్లాసులో చదివేటప్పుడు?

పన్నెండు, పదిహేను మందికి మించితే బొమ్మ వెనకవాళ్ళకు అందదు, రెండు జట్లు చేయండి. అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి, పుస్తకాన్ని భుజం పక్కన, వాళ్ళ కళ్ళ ఎత్తులో పట్టుకోండి. పక్కనుంచి చూస్తూ చదవడం కష్టం, కాబట్టి పాట ముందే నోటికి వచ్చి ఉండాలి. భయపడే పిల్లలు ఎవరో ఆయాకు తెలుసు, వాళ్ళను మీ మోకాలి పక్కన, తలుపు కనబడేలా కూర్చోబెట్టండి. తలుపు మూయకండి, లైటు తీయకండి. ఒకరు ఏడిస్తే మిగతావాళ్ళూ అందుకుంటారు. అప్పుడు పుస్తకం దించి, అందరిచేతా పల్లవి చప్పట్లతో రెండుసార్లు అనిపించి, ‘ఇంకా చదవాలా, రేపా?’ అని వాళ్ళనే అడగండి.